ఇంగ్లీషులో ఫ్రెంచ్ మాటలు: ఏది ఉంచాలి, ఏది మామూలు ఇంగ్లీషులోనే చెప్పాలి

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల నోట రోజూ వినిపించే ఫ్రెంచ్ పలుకుబళ్లు చాలానే ఉన్నాయి. డేజా వూ, ఫో పా, వీజావీ, ఆన్ రూట్, ఆర్‌ఎస్‌వీపీ, ఆ లా కార్ట్, ఫెట్ అకాంప్లీ, కార్ట్ బ్లాంష్... ఇలా. వీటిలో చాలావాటికి పక్కనే ఒక మామూలు ఇంగ్లీషు మాట కూడా ఉంటుంది. రెంటిలో ఏది వాడాలి? తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. ఫ్రెంచ్ మాట తీసేసి, ఇంగ్లీషు మాట పెట్టి, వాక్యాన్ని మళ్లీ చదవండి. అర్థంలో ఏదైనా జారిపోయిందనిపిస్తే ఫ్రెంచ్ మాటను ఉంచండి. ఏమీ జారిపోకపోతే అది ఒట్టి అలంకారం, తీసేస్తేనే వాక్యం బాగుపడుతుంది.

అన్ని ఫ్రెంచ్ మాటలకూ ఈ పరీక్ష అక్కర్లేదు. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును గెలిచాక దాదాపు మూడు వందల ఏళ్లు అక్కడి దొరల ఇళ్లలోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచే నడిచింది. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం వచ్చింది 1362లో. ఆ రోజుల్లో వచ్చిన జస్టిస్, జ్యూరీ, గవర్నమెంట్, బీఫ్ లాంటి మాటలు ఎప్పుడో ఇంగ్లీషైపోయాయి. వాటి గురించి ఆలోచించాల్సిన పనే లేదు. ఇక్కడ చూడాల్సినవి ఆ తర్వాత, ముఖ్యంగా పదిహేడో శతాబ్దం నుంచి, దౌత్యం, సైన్యం, కత్తిసాము, వంట, ఫ్యాషన్ వెంట వచ్చి, ఫ్రెంచ్ రూపం పోగొట్టుకోకుండా ఉండిపోయినవి.

అర్థంలో నిజంగా తేడా ఉన్నవి

'డన్ డీల్' అంటే ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి, బేరం కుదిరింది. 'ఫెట్ అకాంప్లీ' అంటే వేరు. మిగతావాళ్లను అడక్కుండానే పని పూర్తిచేసి, ఇక మార్చడానికి వీల్లేని దశలో తెచ్చి వాళ్ల ముందు పెట్టడం అది. ఆ మాటలోనే ఒక ఫిర్యాదు ఉంది. కొత్త భవనం అద్దెకు తీసుకుని, సామాను తరలించి, ఆ తర్వాత ఉద్యోగుల అభిప్రాయం అడిగితే అది ఫెట్ అకాంప్లీ. రెండు సంస్థలు సంతకాలు చేసుకుంటే డన్ డీల్. సంతోషంగా ప్రకటించాల్సిన చోట ఫెట్ అకాంప్లీ అని రాస్తే, ఎవరినో కాదని పని కానిచ్చేశామని మీరే చెప్పుకున్నట్టవుతుంది. ఇలాంటి మాటను వదులుకోకూడదు. ఇంత అర్థం ఒక్క ఇంగ్లీషు మాటలో దొరకదు.

తప్పు అనే అర్థంలో వాడే మాటల మధ్య గీతలు ఇంకా స్పష్టం. 'ఫో పా' నలుగురిలో మర్యాద తప్పడం. ఈ మధ్యే విడిపోయిన మనిషిని పట్టుకుని 'మీ ఆవిడ కులాసాయేనా' అని అడగడం ఫో పా. 'గాఫ్' కూడా ఫ్రెంచ్ నుంచి వచ్చిందే, కానీ అది ఎక్కువగా పదిమంది ఎదుట నోరు జారడం. రాజకీయ నాయకుల మాటల గురించి పత్రికలు ఈ మాటనే ఎంచుకోవడానికి కారణం అదే. 'బ్లండర్' పెద్ద నష్టం తెచ్చే అవివేకం, చదరంగంలో రాణిని ఊరికే పోగొట్టుకోవడం లాంటిది. ఇన్‌వాయిస్‌లో ఒక సున్నా ఎక్కువ పడితే అది 'ఎరర్' లేదా 'మిస్టేక్'. దాన్ని ఫో పా అంటే చదివేవాళ్లకు తప్పు ఎక్కడ జరిగిందో కూడా అర్థం కాదు. లెక్కలో, కోడ్‌లో, కొలతలో జరిగేవాటికి ఫో పా ఎప్పుడూ పనికిరాదు.

'కార్ట్ బ్లాంష్' మొదట్లో అక్షరాలా తెల్లకాగితమే. కింద సంతకం పెట్టి, పైన షరతులు మీకు నచ్చినవి రాసుకోండని ఎదుటివాడి చేతికిచ్చే కాగితం. అందుకే అందులో పూర్తి అధికారం అనే అర్థం ఉంది. 'ఫ్రీ హ్యాండ్' దానికంటే మెత్తన: పని ఎలా చేయాలో మీ ఇష్టం, ఏం చేయాలో మాత్రం నిర్ణయమైపోయింది. 'బ్లాంక్ చెక్' అంటే డబ్బుకు హద్దు లేదనే వాసన వస్తుంది. డిజైనర్‌కు పని అప్పగిస్తూ కార్ట్ బ్లాంష్ అని రాసిచ్చి, తర్వాత రంగులు మార్చమంటే పేచీ వస్తుంది, ఎందుకంటే మాటిచ్చింది మీరు. మామూలు పనుల్లో ఫ్రీ హ్యాండే క్షేమం. వ్యాకరణం సంగతి ఒకటి: 'గివ్ హర్ కార్ట్ బ్లాంష్' అనే అంటారు, ముందు 'ఎ' చేర్చరు.

'డేజా వూ'ని ఏదైనా రెండోసారి జరిగితే వాడేస్తున్నారు. అసలు అర్థం అది కాదు. ఎన్నడూ చూడని చోటు ఇదివరకే చూసినట్టు, మొదటిసారి జరుగుతున్నది ఇంతకుముందే జరిగినట్టు అనిపించే భ్రాంతి అది. 1876లో ఫ్రెంచ్ తత్త్వవేత్త ఎమిల్ బువారాక్ ఒక పత్రికకు రాసిన లేఖలో ఆ అనుభూతికి ఈ పేరు వాడాడు. సర్వర్ నిన్న పడిపోయి ఇవాళ మళ్లీ పడిపోతే అది డేజా వూ కాదు, ఒట్టి పునరావృతం. కబుర్లలో అలా అంటే ఎవరూ తప్పు పట్టరు గానీ, రిపోర్టులో 'రికరింగ్ ఇష్యూ' అని రాస్తేనే సమస్య నిజంగా రెండుసార్లు వచ్చిందని స్థిరపడుతుంది. డేజా వూ అని రాస్తే, ఖచ్చితంగా చదివే మనిషికి మీరు భ్రమపడ్డారనే అర్థమొస్తుంది.

'రేజాన్ డెట్ర' ఉనికికే మూలమైన కారణం. ఒక సంస్థ ఎందుకు పుట్టింది, ఒక చట్టం ఎందుకు ఉంది అనే చోట బాగుంటుంది. మీటింగ్ వాయిదా పడటానికి కారణం చెబుతూ వాడితే తేలిపోతుంది. అక్కడ 'రీజన్' చాలు.

వీధుల సంగతి చూడండి. 'కల్ డె సాక్' ఇంగ్లీషులో ఇళ్ల మధ్య ఒక చివర మూసుకుపోయిన చిన్న వీధి, చాలాసార్లు చివర్లో కారు తిప్పుకునేంత గుండ్రని జాగాతో. అందులో చెడు ఏమీ లేదు, ఇల్లు కొనేవాళ్లు రద్దీ ఉండదని దాన్నే వెతుక్కుంటారు. 'డెడ్ ఎండ్' అంటే మాత్రం దారి లేదన్న నిరాశ ఉంటుంది. ఎదుగుదల లేని ఉద్యోగాన్ని 'డెడ్ ఎండ్ జాబ్' అనేది అందుకే. చర్చలు ముందుకు కదలకపోతే 'ఇంపాస్' లేదా 'డెడ్‌లాక్'. ఫ్రెంచ్‌లో 'ఎంపాస్' అంటే మూసుకుపోయిన వీధి కూడా. అక్కడి వీధి పేర్లలో తరచు కనిపించే మాట అదే.

ఎంచుకునే స్వేచ్ఛ లేని చోట్లు

కాంట్రాక్టుల్లో 'ఫోర్స్ మజ్యూర్', 'యాక్ట్ ఆఫ్ గాడ్' ఒకటేనని రాసేవాళ్లున్నారు. ఒకటి కాదు. యాక్ట్ ఆఫ్ గాడ్ ప్రకృతి విపత్తులకే పరిమితం: వరద, భూకంపం, పిడుగు. ఫోర్స్ మజ్యూర్ అంతకంటే విశాలం, యుద్ధం, సమ్మె, ప్రభుత్వ నిషేధం కూడా అందులోకి రావచ్చు. అయితే ఇంగ్లీష్ న్యాయంలో దానికి సొంతంగా స్థిరమైన అర్థం లేదు. కాంట్రాక్టులో ఆ క్లాజు ఉండాలి, ఏయే సంఘటనలు లెక్కలోకి వస్తాయో అందులోనే రాసి ఉండాలి. ఫ్రెంచ్ న్యాయంలో అలా కాదు, సివిల్ కోడ్ 1218వ అధికరణమే దాన్ని నిర్వచిస్తుంది. అందుకని ఇంగ్లీష్ చట్టం కింద నడిచే ఒప్పందంలో ఫోర్స్ మజ్యూర్ అని ఒక్క మాట రాసి వదిలేస్తే చిక్కే. సంఘటనల జాబితా, ఎన్ని రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఎంతకాలం గడిస్తే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు అన్న మూడూ పక్కనే ఉండాలి. ఇక్కడ మామూలు ఇంగ్లీషు మాట పెడదామనుకోవడం కూడా తప్పే, వకీళ్లకూ కోర్టులకూ అలవాటైన పేరు ఇదే.

రేడియోలో కూడా అంతే. విమానాలూ ఓడలూ ఆపదలో పలికే 'మేడే' ఫ్రెంచ్‌లో 'నాకు సాయం చేయండి' అనే అర్థమిచ్చే 'మెదే' నుంచి వచ్చింది. 1920ల మొదట్లో లండన్ దగ్గరి క్రాయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారిగా ఉన్న ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ దీన్ని ఎంచుకున్నాడు. అక్కడి రాకపోకల్లో ఎక్కువ భాగం పారిస్ దగ్గరి లె బూర్జేతోనే, కాబట్టి రెండు వైపులా అర్థమయ్యే మాట కావాల్సి వచ్చింది. దాని తమ్ముడు 'పాన్ పాన్', యంత్రం చెడిపోవడం అనే అర్థమున్న ఫ్రెంచ్ 'పాన్' నుంచి. ప్రాణాలకు తక్షణ ప్రమాదం ఉంటే మేడే. పరిస్థితి అత్యవసరమే గానీ ఆ క్షణాన ప్రాణాపాయం లేకపోతే పాన్ పాన్. రెంటినీ మూడేసి సార్లు పలుకుతారు.

వీజావీ

ఆఫీసు ఉత్తరాల్లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతింటున్న మాట ఇది. ఫ్రెంచ్‌లో మూల అర్థం ముఖాముఖి. ఇంగ్లీషులో స్థిరపడిన అర్థాలు ప్రధానంగా రెండు: 'ఫలానాదానితో పోలిస్తే', 'ఫలానాదానికి సంబంధించి'. చిక్కంతా ఈ రెంటి మధ్యే. 'వీజావీ గత సంవత్సరం, ఖర్చులు' అని ఒక వాక్యం రాస్తే, ఖర్చులను గత సంవత్సరంతో పోలుస్తున్నారా, గత సంవత్సరపు ఖర్చుల గురించి మాట్లాడుతున్నారా అన్నది చదివేవాళ్లు ఊహించుకోవాలి. పోలిక అయితే 'కంపేర్డ్ విత్', సంబంధం అయితే 'అబౌట్' లేదా 'రిగార్డింగ్' అని రాసేస్తే ఊహించే పని ఉండదు.

మరి వీజావీకి సరైన చోటు ఉందా అంటే ఉంది. రెండు పక్షాలు ఒకదాని ఎదుట ఒకటి నిలబడి ఉన్నప్పుడు: ఒక దేశం స్థానం ఇంకో దేశం ఎదుట ఎలా ఉంది, డాలర్ ముందు యూరో ఎలా నిలబడింది. అక్కడ పోలికా సంబంధమూ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి ఈ మాట రెండు పనులూ చేస్తుంది.

కొందరు దీన్ని 'అనగా' అనే అర్థంలో వాడతారు. అది 'విజ్' అనే లాటిన్ సంక్షిప్త రూపంతో వచ్చిన గందరగోళం. జాబితా ఇచ్చే ముందు రావాల్సింది విజ్, లేదా ఇంకా తేలికగా 'నేమ్లీ'. వీజావీ అక్కడికి రాదు. 'వర్సెస్' బదులుగా కూడా రాదు. ఆటలో రెండు జట్ల మధ్య ఉండేది వర్సెస్సే.

ఇదే తరహాలో దెబ్బతినేది 'అప్రొపో'. అది 'సందర్భం వచ్చింది కాబట్టి', 'దాని గురించే' అని చెప్పే మాట. ఉచ్చారణ దగ్గరగా ఉందని 'అప్రోప్రియేట్' అన్నచోటల్లా పెట్టకూడదు. 'మీ మెయిల్‌కు అప్రొపో' అని ఉత్తరం మొదలుపెట్టడంలో తప్పు లేదు, కానీ 'రిగార్డింగ్' అన్నది అందరికీ తెలుస్తుంది.

ఆహ్వానాలు

'ఆర్‌ఎస్‌వీపీ' నాలుగు ఫ్రెంచ్ మాటల తొలి అక్షరాలు: 'రెపాందే సిల్ వూ ప్లే', అంటే దయచేసి జవాబివ్వండి. దయచేసి అన్నది అందులోనే ఉంది కాబట్టి ముందు 'ప్లీజ్' చేర్చితే రెండుసార్లు బతిమాలినట్టు. సాధారణ మాటల్లో ఇది బాగా పాతుకుపోయింది, ఎదుటివాళ్లను దిద్దబోకండి. మీరు అచ్చువేయించే కార్డులో మాత్రం ఉంచకండి. 'సూప్ దు జూర్ ఆఫ్ ద డే' కూడా ఇంతే, దు జూర్ అంటేనే ఆ రోజుది.

అసలు ఎంపిక మూడింటి మధ్య. ఆర్‌ఎస్‌వీపీ అంటే వస్తున్నా రాకపోతున్నా జవాబు కావాలి. 'రిగ్రెట్స్ ఓన్లీ' అంటే రానివాళ్లు మాత్రమే చెబితే చాలు, మౌనంగా ఉన్నవాళ్లంతా వస్తున్నట్టే లెక్క. 'కైండ్లీ రిప్లై బై' అని తేదీ వేస్తే అర్థం తెలియని మనిషి ఉండడు. మనిషికింత అని లెక్కగట్టి భోజనం ఏర్పాటు చేసే చోట రిగ్రెట్స్ ఓన్లీ పెడితే దెబ్బతింటారు. ఆహ్వానం అందనివాళ్లు కూడా వచ్చేవాళ్ల లెక్కలో చేరిపోతారు. సంఖ్య ముఖ్యమైతే తేదీ, ఫోన్ నంబరు జతచేసిన ఆర్‌ఎస్‌వీపీ, లేదా నేరుగా కైండ్లీ రిప్లై బై. పిలుపు అందుకునేవాళ్లలో ఆ నాలుగక్షరాలు తెలియనివాళ్లు ఉంటారనిపిస్తే రెండోదే నా ఓటు. తేదీ లేని ఆర్‌ఎస్‌వీపీ మాత్రం ఎవరికీ పనికిరాదు, జవాబులు కార్యక్రమం ముందు రోజు దాకా వస్తూనే ఉంటాయి.

పెళ్లి కార్డుల్లో ఇంకో జాగ్రత్త. 'ఫియాన్సే' మగవాడికైతే చివర ఒక ఇ, ఆడవాళ్లకైతే రెండు ఇలు. పలకడం రెంటికీ ఒకటే, అందుకే తప్పు చెవికి దొరకదు, అచ్చులోనే బయటపడుతుంది. 'నే' అనేది పుట్టింటి పేరు చెప్పడానికి, పెళ్లి తర్వాతి పేరు పక్కన వస్తుంది. దాని వెనక ఇంటిపేరు ఒక్కటే రాయాలి.

హోటల్ మెనూ ముందు

'ఆ లా కార్ట్' అయితే ఒక్కో పదార్థానికి ఒక్కో ధర, కావాల్సింది ఎంచుకుంటారు. 'ప్రీ ఫిక్స్' అయితే మొత్తానికి ఒకటే ధర, ఇన్ని వడ్డనలని లెక్క ఉంటుంది, ఒక్కోదానిలో రెండు మూడింటిలోంచి ఎంచుకునే వీలుంటుంది. 'టాబ్ల డోట్' కూడా కట్టిపెట్టిన భోజనమే, ఎంపిక ఇంకా తక్కువ. ఒకటి రెండు పదార్థాలతో సరిపెట్టుకునేవాళ్లకు ఆ లా కార్ట్ లాభం. మొదటి నుంచి తీపి దాకా అన్నీ తినాలనుకుంటే ప్రీ ఫిక్స్ సాధారణంగా చవక పడుతుంది, పానీయాలు అందులో ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవాలి.

'ఆంట్రే' దగ్గర దేశం చూసుకోవాలి. అమెరికాలో అది ప్రధాన వంటకం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో, నేటి ఫ్రాన్స్‌లో అది ముందుగా తినే చిన్న పదార్థం. సిడ్నీలో అమెరికన్ లెక్కన ఆంట్రే ఒక్కటే తెప్పించుకుంటే ఆకలి తీరదు. అనుమానం ఉంటే 'మెయిన్ కోర్స్', 'స్టార్టర్' అని అడగండి, ఎక్కడైనా అర్థమవుతుంది. 'ఆ లా మోడ్' కూడా ఇలాంటిదే. అమెరికన్ మెనూలో 'పై' అనే కాల్చిన తీపి వంటకం పేరు పక్కన కనిపిస్తే ఐస్‌క్రీమ్‌తో వస్తుందని, మామూలు మాటల్లో అయితే ఫ్యాషన్‌లో ఉన్నదని.

పలకడం

రాసినట్టు పలికే అలవాటున్న మనకు ఫ్రెంచ్ మాటల చివర్లే ఇబ్బంది. మోటుగా పనికొచ్చే సూత్రం ఒకటుంది: చివర ఉన్న హల్లు సాధారణంగా పలకదు, సీ, ఆర్, ఎఫ్, ఎల్ మాత్రం తరచు పలుకుతాయి. డెబ్యూ, డెపో, బఫే, రాపోర్‌లలో టీ మాయం. కూ అనే తిరుగుబాటులో పీ మాయం. ఫో పాలో ఎక్స్, ఎస్ రెండూ మాయం. షిక్‌లో సీ, షెఫ్‌లో ఎఫ్, దు జూర్‌లో ఆర్ వినిపిస్తాయి. ఈఆర్‌తో ముగిసే డోసియే లాంటివాటిలో ఆర్ కూడా పోతుందన్నది గుర్తుంచుకోవాలి.

అదే హల్లు తర్వాత ఇ అక్షరం ఉంటే హల్లు పలుకుతుంది. ఇక్కడే పేరుమోసిన తప్పు జరుగుతుంది. 'కూ డె గ్రాస్' అంటే బాధ తీర్చే చివరి దెబ్బ. ఫ్రెంచ్‌లో చివరివి మింగేయాలని సగం తెలిసినవాళ్లు దాన్ని 'కూ డె గ్రా' అంటారు. ఫ్రెంచ్ చెవికి అది 'కొవ్వు దెబ్బ' అని వినిపిస్తుంది. చివర సీ తర్వాత ఇ ఉంది కాబట్టి 'స్' పలకాల్సిందే. వీజావీలో మొదటి ఎస్ 'జ్' అయ్యేది వెనక అచ్చు రావడం వల్ల, చివరి ఎస్ మాత్రం మూగదే.

కంప్యూటర్ పని చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన జంట 'క్యాష్', 'క్యాషే'. సమాచారాన్ని దగ్గర దాచిపెట్టుకునే మెమరీ క్యాష్, డబ్బు అనే అర్థమున్న ఇంగ్లీషు మాట 'క్యాష్' లాగే పలకాలి. క్యాషే అంటే ప్రతిష్ఠ, దాని చివర టీ ఉంటుంది. బ్రౌజర్ 'క్యాషే' క్లియర్ చేయమంటే పని జరుగుతుంది గానీ మాట తప్పు.

కొన్ని చోట్ల రెండు ఉచ్చారణలూ సరైనవే. 'నీష్', 'నిచ్' రెండూ నిఘంటువుల్లో ఉన్నాయి, రెండోది అమెరికాలో ఎక్కువ. ఒకరి ప్రత్యేక నైపుణ్యాన్ని చెప్పే మాటను పాత పద్ధతిలో 'ఫోర్ట్' అనేవారు, ఇటాలియన్ సంగీత పదం ప్రభావంతో ఇప్పుడు 'ఫోర్టే' అన్నదే ఎక్కువ. కోటతో పొరపాటు పడకుండా ఫోర్టే అనడమే మేలు. కాఫే, బాలే లాంటివాటిలో బ్రిటిష్ వాళ్లు మొదటి అక్షరం మీద ఒత్తుతారు, అమెరికన్లు చివరిదాని మీద. ఏదో ఒక పద్ధతికి కట్టుబడితే చాలు. అసలు ఫ్రెంచ్ లాగే పలకాలని ముక్కుతో సాగదీయడం మాత్రం వద్దు, ఇంగ్లీషు వాక్యం మధ్యలో అది వినేవాళ్ల దృష్టిని మాట మీదకు లాగేస్తుంది.

రాయడం

అక్షరాల మీది గీతలు ఎప్పుడు ఉంచాలి? అది లేకపోతే వేరే మాటగా చదువుకునే ప్రమాదం ఉన్నప్పుడు తప్పక ఉంచాలి. ఉద్యోగానికి పంపే రెజ్యుమే గీతలు లేకుంటే 'మళ్లీ మొదలుపెట్టు' అవుతుంది. రోజే వైన్ గులాబీ అవుతుంది. గుట్టు బయటపెట్టే ఎక్స్‌పోజే మామూలు ఎక్స్‌పోజ్ అవుతుంది. కాఫే, డెబ్యూ, ఎలీట్ లాంటివాటికి గీత లేకపోయినా పర్లేదు. పెడితే మాటలో ఉన్నవన్నీ పెట్టండి, పత్రం పొడుగునా ఒకే పద్ధతి పాటించండి. ఏటవాలు అక్షరాలు మామూలు ఇంగ్లీషు నిఘంటువులో లేని పదబంధాలకే అవసరం. డేజా వూకి, వీజావీకి అక్కర్లేదు.

విండోస్‌లో ఆల్ట్ నొక్కి ఉంచి కుడిపక్క నంబర్ల మీద 0233 కొడితే గీత ఉన్న ఇ వస్తుంది, 0224 కొడితే ఆ లా కార్ట్‌కు కావాల్సిన ఎ, 0231 కొడితే ఫసాడ్‌లోని తోక ఉన్న సీ. నమ్‌లాక్ ఆన్‌లో లేకపోయినా, పైవరుస అంకెలు కొట్టినా రావు. నంబర్ల భాగం లేని ల్యాప్‌టాప్‌లో వర్డ్ వాడుతుంటే కంట్రోల్, అపాస్ట్రఫీ కలిపి నొక్కి వదిలి ఇ కొట్టండి. మ్యాక్‌లో ఆప్షన్‌తో ఇ నొక్కి, వదిలి, మళ్లీ ఇ. ఫోన్‌లో ఆ అక్షరాన్ని అలాగే పట్టుకుంటే చాలు. ఫైలు పేర్లలో మాత్రం గీతలు వద్దు. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ ఒక్క అక్షరం రెండు బైట్లు తీసుకుంటుంది. పాత సాఫ్ట్‌వేర్ వాటిని విడివిడిగా చదివితే ఫైలు పేరులో ఆ అక్షరం చోట రెండు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

'ఇదిగో' అనే అర్థమున్న 'వ్వలా' రాసేటప్పుడు అక్షరాలు తారుమారైతే వయోలా అనే వాద్యం అవుతుంది, దిద్దే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోదు. 'ఆన్ రూట్' (దారిలో), 'ఆన్ మాస్' (మూకుమ్మడిగా) విన్నట్టు రాసి మొదటి అక్షరం ఓ పెట్టడం ఇంకో తప్పు, రెండూ ఇ తోనే మొదలవుతాయి. బహువచనంలో ఎస్ చేరేది ప్రధానమైన నామవాచకానికి: అటార్నీస్ జనరల్, కోర్ట్స్ మార్షల్. ఫో పాకి బహువచనంలో రాతలో మార్పు లేదు, పలికేటప్పుడు చివర 'జ్' చేరుతుంది.

నోటి మాటగా

'టూషే' కత్తిసాములో దెబ్బ తగిలిందని ఒప్పుకునే మాట. వాదనలో ఎదుటివాళ్లు మిమ్మల్ని సరిగ్గా పట్టుకున్నప్పుడు మీరనాలి. మీరు గెలిచి మీరే టూషే అంటే తలకిందులు. 'బాన్ వోయాజ్' దూర ప్రయాణాలకు, రోజువారీ రాకపోకలకు 'సేఫ్ ట్రావెల్స్' చాలు. భోజనం ముందు చెప్పే 'బాన్ ఆపెటీ'కి ఇంగ్లీషులో అంత సహజమైన జోడు లేదు, నిస్సంకోచంగా వాడొచ్చు. 'జీవితమంటే ఇంతే' అని చెప్పే 'సే లా వీ' చిన్న నష్టాలకే: బస్సు తప్పిపోవడం, టికెట్లు అయిపోవడం. ఉద్యోగం పోయినవాళ్లతో, మనిషిని పోగొట్టుకున్నవాళ్లతో అనకండి. మాటలో ఉన్న తేలికదనం వాళ్ల బాధను కొట్టిపారేసినట్టు వినిపిస్తుంది.

'నామ్ డె ప్లూమ్', 'క్రెమ్ డె లా క్రెమ్', 'జ్వా డె వీవ్ర' లాంటివి మొదటి పరీక్షలో ఎక్కువసార్లు ఓడిపోతాయి. పెన్ నేమ్, ద బెస్ట్, జెస్ట్ ఫర్ లైఫ్ అన్నా ఏమీ జారిపోదు. 'లెస్సే ఫేర్' ప్రభుత్వం జోక్యం చేసుకోని ఆర్థిక విధానం గురించి అయితే ఉంచాలి, కిందివాళ్లను పట్టించుకోని మేనేజర్ గురించి అయితే 'హ్యాండ్స్ ఆఫ్' ఇంకా సూటిగా ఉంటుంది.

ఎదుట ఫ్రెంచ్‌వాళ్లు ఉంటే

ఇంగ్లీషులో స్థిరపడ్డ చాలా మాటలు ఫ్రాన్స్‌లో ఆ అర్థంలో చెల్లవు. కచేరీలో ఇంకోసారి పాడమని ఇంగ్లీషువాళ్లు 'ఆంకోర్' అని అరుస్తారు, ఫ్రెంచ్‌వాళ్లు 'బీస్' అంటారు. ఉద్యోగానికి రెజ్యుమే అడిగితే వాళ్లకు సారాంశం అనిపిస్తుంది, వాళ్లు వాడేది 'సేవే', అంటే సీవీ. 'నామ్ డె ప్లూమ్' ఇంగ్లీషులో తయారైనది, అక్కడ 'ప్స్యూడోనీమ్' అంటారు. ద్వంద్వార్థాన్ని చెప్పే 'డబుల్ ఆంటాండ్ర' నేటి ఫ్రెంచ్‌లో లేదు, 'దుబ్ల సాన్స్' అంటారు. 'రాండేవూ'లో ఇంగ్లీషువాళ్లు రహస్యపు కలయిక వాసన చూస్తారు, ఫ్రెంచ్‌లో దంతవైద్యుడి దగ్గర తీసుకున్న సమయం కూడా అదే. 'రీస్కే' అంటే ఇంగ్లీషులో కాస్త అసభ్యం, ఫ్రెంచ్‌లో ప్రధానంగా ప్రమాదంతో కూడినది. చెప్పాపెట్టకుండా జారుకోవడాన్ని ఇంగ్లీషులో 'ఫ్రెంచ్ లీవ్' అంటే, ఫ్రెంచ్‌లో అదే పనిని ఇంగ్లీషువాళ్ల తరహాలో వెళ్లిపోవడం అంటారు.

కాబట్టి ఫ్రెంచ్ మనిషితో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఈ మాటలు తగ్గించి, సాదా ఇంగ్లీషు పెంచండి. మీటింగుకు పిలిస్తే 'అపాయింట్‌మెంట్', ఉద్యోగానికి వివరాల పత్రం పంపమంటే 'సీవీ', భోజనం దగ్గర 'స్టార్టర్', 'మెయిన్ కోర్స్'.